మూడుంపావు మార్కుల చేదు

*ఫిల్మ్‌నగర్ ప్రతి శుక్రవారం సినిమాకు మార్కులేస్తుంది. పక్కనే ఉన్న జూబ్లీహిల్స్ ఇప్పుడు బీరుకు మార్కులేయడం నేర్చుకుంటోంది. ‘ఎక్కుతుందా?’ అని తప్ప మరో ప్రశ్న అడగని ఊరికి ‘ఎలా ఉంది?’ అనే ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చింది?*

శనివారం సాయంత్రం ఏడు కావస్తోంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాకుతున్నాయి. ఆ హారన్ల మోతను కిందే వదిలి మూడంతస్తులు పైకొస్తే ఓ పొడవాటి చెక్క బల్ల. దాని మీద మూరెడు పలక. పలకలో ఆరు గుంటలు, ఒక్కో గుంటలో పిడికిట్లో ఇమిడేంత గ్లాసు. ఎడమ చివరి గ్లాసులో ఎండుగడ్డి రంగు. దాని పక్కది తేనెలో మజ్జిగ కలిపినట్టు మబ్బు మబ్బుగా ఉంది. ఆపైన ఇత్తడి రంగు, రాగి రంగు, బెల్లం పాకం రంగు. కుడి చివరిది కాఫీ డికాక్షనంత నలుపు. అద్దాల గోడ అవతల నిలువెత్తు స్టీలు ట్యాంకులు. ఈ ఆరూ పుట్టింది అక్కడే. పుట్టిన చోటికీ గ్లాసుకూ మధ్య దూరం ఇరవై అడుగులు కూడా లేదు.

బల్లకు అటువైపు ఒక అసిస్టెంట్ డైరెక్టర్. కృష్ణానగర్‌లో గది. ఎనిమిదేళ్లుగా ఫిల్మ్‌నగర్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. అతని పక్కన ఒక సౌండ్ ఇంజినీరు. పగలంతా డబ్బింగ్ థియేటర్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు వెనక వినిపించే ఫ్యాను చప్పుడును ఏరి పారేయడం ఆమె పని. ముగ్గురి ముందూ ఒక్కో కాగితం. రంగు, నురగ, వాసన, రుచి, మింగాక మిగిలేది అని ఐదు గళ్లు. చివర ‘ఐదుకు ఎన్ని?’ అని ఒక ఖాళీ గీత.

అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడు రెండో గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ‘‘అరటిపండు సార్. మామూలుది కాదు. పెళ్లి భోజనంలో ఆకు చివర పెడతారే, చక్రకేళి, అది.’’ మాతో కూర్చున్న, ఆ బీర్లు కాచిన బ్రూవర్ నవ్వాడు. ఆ బీరులో అరటిపండు ముక్క కూడా లేదు. సౌండ్ ఇంజినీరు గ్లాసును ఇంకోసారి తిప్పి, ‘‘అరటి వెనకాల ఇంకోటి ఉంది. సన్నగా. లవంగం’’ అంది. ఈసారి బ్రూవర్ నవ్వలేదు, లేచి నిలబడి చెయ్యి కలిపాడు. జర్మనీ గోధుమ బీరు హెఫెవైజెన్‌లో వెతకాల్సింది ఆ రెంటినే. రెండింటినీ కలిపింది మనిషి కాదు, ఈస్టు.

సరిగ్గా అప్పుడే పక్క టేబుల్ నుంచి ఒక గొంతు వెయిటర్‌ను అడిగింది: ‘‘అన్నా, వీటిల్లో ఏది బాగా ఎక్కుతది?’’

ఆ ప్రశ్నకూ మా ముందున్న కాగితానికీ మధ్య ఉన్న దూరమే ఈ వారం కథ.

కొండ మీదికి ఎలా ఎక్కింది?

1960లలో హౌసింగ్ సొసైటీ ప్లాట్లు వేసినప్పుడు జూబ్లీహిల్స్ అంటే బండరాళ్లు, సీతాఫలం పొదలు. మద్రాసు నుంచి సినిమా మెల్లగా ఇటు కదిలింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చింది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. స్టూడియోల చుట్టూ ఆఫీసులు, ఆఫీసుల చుట్టూ ఇళ్లు, ఇళ్ల కింద కాఫీ షాపులు. కథాచర్చలు హోటల్ గదుల్లోంచి కాఫీ షాపులకు, అక్కడి నుంచి పబ్బులకు మారాయి. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచాక హైటెక్ సిటీ ఉద్యోగులు రోడ్ నంబర్ 45 మీదుగా నిమిషాల్లో కొండెక్కడం మొదలుపెట్టారు. సినిమా వాళ్ల సాయంత్రాలూ సాఫ్ట్‌వేర్ వాళ్ల సాయంత్రాలూ ఒకే బల్ల మీద కలిశాయి.

ఈ ట్యాంకులు రాకముందు మనకు బీరు అంటే పచ్చ సీసా, ముదురు గోధుమ సీసా. అంతే. రెండూ లాగర్లే. సంగారెడ్డి వైపు ఉన్న పెద్ద ఫ్యాక్టరీల్లో తయారై, వడపోతకెళ్లి, ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ గోదాముల మీదుగా దుకాణానికి చేరేవి. పుణెలో 2009లోనే డూలాలీ అనే పబ్బు బీరును అక్కడే కాచి అక్కడే పోయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత బెంగళూరు దాన్ని పండగ చేసుకుంది. మన దగ్గర తెలంగాణ ప్రభుత్వం ఇలాంటి మైక్రో బ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది 2015లో. ఒకటి రెండేళ్లకు ట్యాంకులు దిగాయి. హాపరీ, ప్రోస్ట్, బ్రాడ్‌వే, మన ఎస్టీడీ కోడ్‌నే పేరుగా పెట్టుకున్న జీరో ఫార్టీ... జూబ్లీహిల్స్ బోర్డుల మీద ‘బ్రూవరీ’ అన్న మాట కనిపించడం అప్పటి నుంచే.

ఇప్పుడీ మాట మళ్లీ అందరి నోళ్లలో నానడానికి కారణాలున్నాయి. 2025 జనవరిలో బకాయిలు, ధరల గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపేసింది. కొద్దిరోజులకే పునరుద్ధరించినా ఆ వారం దుకాణాల ముందు జరిగిన చర్చ చిన్నది కాదు. ఫిబ్రవరిలో ధరలు 15 శాతం పెరిగాయి. ఆపైన మైక్రో బ్రూవరీలను హైదరాబాద్ దాటించి మిగతా నగరాలకూ తీసుకెళ్లాలన్న నిర్ణయం. రేపు వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ ఈ స్టీలు ట్యాంకులు కనిపిస్తే, అక్కడి వాళ్లు వెయిటర్‌ను ఏమని అడుగుతారన్నది నాకు ముఖ్యమైన విషయంగా తోస్తోంది.

గింజ, పువ్వు, నీళ్లు, ఈస్టు

పల్లెలో పెరిగినవాళ్లకు బీరు తయారీ చెప్పడం తేలిక. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పడతామా లేదా? మన రాగి మాల్ట్. బీరుకు అదే పని బార్లీతో చేస్తారు. మొలకలొచ్చిన గింజలో పిండిని చక్కెరగా మార్చే గుణం మేల్కొంటుంది. ఆ మాల్టును రవ్వలా విరగ్గొట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెడితే తియ్యటి కషాయం వస్తుంది. దాన్ని మరిగిస్తూ హాప్స్ అనే తీగకు పూసే పువ్వుల్ని వేస్తారు. చేదు వచ్చేది అక్కడే. చల్లార్చి ఈస్టు కలిపితే అది చక్కెరను తిని ఆల్కహాల్‌నూ గ్యాసునూ ఇస్తుంది. 20 డిగ్రీల దగ్గర పైకి పొంగుతూ పులిస్తే ఏల్. ఇంకా చల్లగా, నిదానంగా, అడుగున పులిస్తే లాగర్. ఏల్‌కు రెండు మూడు వారాలు చాలు. లాగర్‌కు ఓపిక కావాలి.

మూడో గ్లాసులో మాకు దొరికింది ధనియాలు. నిజంగా ధనియాలే. బెల్జియం పల్లెల విట్‌బియర్‌లో నారింజ తొక్క, ధనియాలు దంచి వేస్తారు. దాదాపు అంతరించిపోయిన ఆ బీరును 1960లలో హోగార్డెన్ అనే ఊళ్లో పియర్ సెలిస్ అనే ఆయన మళ్లీ బతికించాడు. ‘‘మా అమ్మ చారులో వేసేదాన్ని బెల్జియం వాళ్లు బీరులో వేశారన్నమాట’’ అన్నాడు కుర్రాడు, కాగితం మీద గబగబా రాసుకుంటూ. వాసన గడిలో ‘చారు పోపు ముందు’ అని ఉంది. నేను చదివిన ఏ ఇంగ్లిషు వర్ణన కన్నా అది సూటిగా ఉంది.

నాలుగోది ఇండియా పేల్ ఏల్. పేరులో మన దేశం ఉన్నా, మనం తాగడానికి పుట్టింది కాదు. 18వ శతాబ్దం చివర్లో లండన్ బో బ్రూవరీ నుంచి హాడ్జ్‌సన్ కుటుంబం ఈస్టిండియా కంపెనీ ఓడల్లో పీపాలు ఎక్కించి పంపిన పేల్ ఏల్ దాని తాత. ఆఫ్రికా చుట్టూ తిరిగి, ఎండలో ఉడికి, నాలుగు నుంచి ఆరు నెలలకు మద్రాసుకో కలకత్తాకో చేరేది. హాప్స్ దండిగా వేసింది దారిలో పాడవకుండా నిలుస్తుందని. కాకరకాయకు అలవాటుపడ్డ మన నాలుక ఈ చేదుకు భయపడాల్సిన పనిలేదు. మొదటి గుక్కకు మొహం చిట్లించిన సౌండ్ ఇంజినీరు మూడో గుక్కకు, ‘‘చేదు వెనకాల మామిడి జీడి వగరు ఉంది’’ అంది. అప్పటికి గ్లాసు గోడకు నురగ ఒక్కో గుక్కకు ఒక్కో గీతగా, తెల్లని జాలరు కట్టినట్టు అంటుకుని ఉంది. ఆ గీతలు నిలిచాయంటే గ్లాసు శుభ్రంగా కడిగారని అర్థం. జిడ్డు అంటిన గ్లాసులో నురగ కళ్లముందే చచ్చిపోతుంది.

---

బాక్స్: ఈ వాసనలొస్తే తిప్పి పంపండి

వెన్న పూసిన పాప్‌కార్న్: పులియడం పూర్తికాకముందే తొందరపడ్డారు, లేదా గొట్టాలు సరిగా కడగలేదు.

పచ్చి ఆపిల్: బీరు ఇంకా పసిది. మరికొన్ని రోజులు ఆగాల్సింది.

తడిసిన అట్టపెట్టె: గాలి సోకి పాతబడింది.

వెనిగర్ ఘాటు: పుల్లగా ఉండాల్సిన రకం కాకపోతే, బ్యాక్టీరియా చేరింది.

కుళ్లు కంపు: సీసా బీరుకు వెలుతురు తగిలితే హాప్స్ చేదు చెడి వచ్చే వాసన. ముదురు గోధుమ రంగు సీసాలు పుట్టింది ఇందుకే.

---

చల్లదనం దాచిపెట్టేది

మార్కుల కాగితం మన సొంతం కాదు. దాని వెనక ఒక సముద్రపు ఒడ్డు కథ ఉంది. 1971లో నలుగురు ఇంగ్లిష్ కుర్రాళ్లు ఐర్లండ్ పడమటి తీరానికి సెలవులకెళ్లి, డన్‌క్విన్ అనే చిన్న ఊరి బార్‌లో కూర్చుని, తమ దేశంలో మంచి బీరు చచ్చిపోతోందని బాధపడ్డారు. పెద్ద కంపెనీలు బీరును వడపోసి, జీవం తీసేసి, గ్యాసు ఎక్కించి అమ్ముతున్న రోజులవి. ఆ బాధలోంచి ‘కామ్రా’ అనే ఉద్యమం పుట్టింది. వాళ్లు కాపాడాలనుకున్నదానికి పెట్టిన పేరు రియల్ ఏల్. పీపాలోనే ఇంకా పులుస్తూ, ఈస్టు బతికి ఉండగానే, బయటి గ్యాసు తోడు లేకుండా చేతిపంపుతో గ్లాసులోకి వచ్చేది. నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో ఉంచుతారు. పీపా తెరిచాక దాని ఆయుష్షు మూడు రోజులు. అందుకే ఏ పబ్బు ఎలా చూసుకుంటోందో సభ్యులు సున్నా నుంచి ఐదు దాకా మార్కులేస్తారు. 2005లో కెంట్ తీరంలో, హెర్న్ బే పక్కన హెర్న్ అనే ఊళ్లో, పాత మాంసం కొట్టును చిన్న పబ్బుగా మార్చి ‘బుచర్స్ ఆర్మ్స్’ అని తెరిచారు. సంగీతం లేదు, టీవీ లేదు. పీపాలు, బల్లలు, మాటలు. ఆ నమూనా చూసి ఇంగ్లండంతా వందల మైక్రోపబ్బులు వెలిశాయి.

ఆ లెక్కన జూబ్లీహిల్స్‌లో పోసేది రియల్ ఏల్ కాదు. ట్యాంకు నుంచి గ్లాసుకు తోసేది కార్బన్ డయాక్సైడే. మన ఎండల్లో 12 డిగ్రీల నేలమాళిగ ఉంచడం ఖర్చుతో కూడిన పని. కానీ ఒక్క విషయంలో మాత్రం బ్రూవర్లు ఆ నలుగురి బాటలోనే ఉన్నారు. మా బల్ల దగ్గరి బ్రూవర్ నల్లటి స్టౌట్‌ను తెచ్చిపెట్టి, పది నిమిషాలు ముట్టుకోవద్దన్నాడు. ‘‘ఇక్కడ అందరూ అడిగేది చిల్డ్‌గా ఉందా అనే సార్. మంచులా ఉంటే నాలుక మొద్దుబారుతుంది. బాగున్నదీ తెలీదు, బాగోలేనిదీ తెలీదు.’’ పది నిమిషాలయ్యాక అందులోంచి కాఫీ వచ్చింది, ఆ తర్వాత మాడిన బెల్లం, ఆఖర్న బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు.

తిండి సంగతి కూడా ఆయనే చెప్పాడు. చిల్లీ చికెన్, కారం వేపుళ్లు తింటూ బీరు రుచి చూడటమంటే, పాట రికార్డింగు జరుగుతుండగా పక్కన డప్పు కొట్టడం. ఉడకబెట్టిన పల్లీలు, ఉప్పు తక్కువ వేసిన గుడాలు, జొన్నరొట్టె ముక్క... నాలుకను మళ్లీ మొదటికి తెచ్చేవి ఇవే. వైను రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు, బీరుకు అలా కుదరదు. మింగాక మిగిలేదీ చూడాలి కదా. అందుకే గుక్కలు చిన్నవి, గ్లాసులు చిన్నవి. మేం ముగ్గురం రెండున్నర గంటలు కూర్చున్నాం. ఒక్కొక్కరం తాగింది మొత్తం ఒక సీసాకు కాస్త ఎక్కువ.

కొన్నాళ్ల కిందట వేరేచోట నాకు పోసిన గ్లాసులో ఆ వెన్న వాసన గుప్పుమంది. తిప్పి పంపితే, ‘‘అందరూ తాగుతున్నారు కద సార్, మీకొక్కరికే ఏంటి?’’ అన్నాడు మేనేజరు. ఇంట్లో పులిసిపోయిన పెరుగును గుర్తుపట్టని తెలుగువాడు లేడు. పచ్చడి ఊరిందో లేదో మూత తీయగానే చెప్పే ఇల్లాళ్లున్న జాతి మనది. వందల రూపాయలు పోసి కొన్న గ్లాసు దగ్గర మాత్రం మన ముక్కును మనమే నమ్మం. ఎందుకంటే ఆ గ్లాసును రుచి కోసం కొన్నామని మనకు మనమే ఒప్పుకోం.

ఆ మాట వెనక ముల్లు

ఒప్పుకోకపోవడానికి కారణం లేకపోలేదు. తాగుడు అనే మాటకు మన నేల మీద చాలా కన్నీళ్లు అంటుకుని ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మతో కలిసి ఆడవాళ్లు సారా దుకాణం మూయించాక ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సినిమా లోకం నుంచి వచ్చిన ఎన్టీఆర్ అదే మాట ఇచ్చి గెలిచి, 1995లో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు. 1997లో ఆయన తర్వాతి ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆ ఆడవాళ్లు పోరాడింది భర్త కూలి డబ్బులు ఇంటికి చేరాలని, రాత్రిపూట దెబ్బలు ఆగాలని. రుచి గురించి రాసే ఎవరైనా ముందు వాళ్లకు తలవంచాలి. నేను వంచుతున్నాను.

జూబ్లీహిల్స్ నివాసుల గోడు వేరే. రాత్రి డీజే మోతలు, వీధుల్లో అడ్డదిడ్డంగా కార్లు. 2022లో తెలంగాణ హైకోర్టు రాత్రి 10 దాటాక పబ్బుల్లో సంగీతం వద్దని ఆదేశించింది వాళ్ల మొర విన్నాకే. వాళ్లది అక్షరాలా న్యాయమైన కోపం. బీరు రుచి చూసే బల్లకు డీజే అక్కర్లేదు. మోత ఎంత పెరిగితే గ్లాసు అంత తొందరగా ఖాళీ అవుతుందని పబ్బు నడిపేవాళ్లకు బాగా తెలుసు.

ఇంకో ముల్లు డబ్బు. ఆ రోజు బిల్లు వచ్చాక కుర్రాడు తన వాటా లెక్కేసుకుని, ‘‘కృష్ణానగర్ మెస్‌లో వారం భోజనం సార్’’ అన్నాడు. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు... సినిమాను మోసేవాళ్లలో ఎక్కువమంది ఈ మూడంతస్తులు ఎక్కలేరు. రుచికి హక్కు కొండ మీది వాళ్లకే ఉందా అన్న ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంటాడింది.

---

బాక్స్: బల్ల దగ్గరికి ముందు

తెలంగాణలో మద్యం తాగడానికి చట్టం ఒప్పుకునే వయసు 21 ఏళ్లు.

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపడం నేరం. చిన్న గ్లాసులే కదా అనుకోవద్దు, వెళ్లేటప్పుడే క్యాబ్ మాట్లాడుకోండి.

లేత రంగుతో మొదలుపెట్టి నలుపుతో ముగించండి. తిరగేస్తే స్టౌట్ తర్వాత గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది.

సెంటు, అగరొత్తి వాసన దగ్గర లేకుండా చూసుకోండి.

---

తాళ్లవనంలో ఐదు గళ్ల కాగితం

రెండు వారాల తర్వాత, తెల్లవారుజామున భువనగిరి దారిలో ఒక తాళ్లవనం దగ్గర బండి ఆపాం. కుర్రాడూ నేనూ. మోకు భుజానేసుకుని, ముస్తాదు నడుముకు బిగించి గౌడన్న ఒకాయన అప్పుడే చెట్టు దిగాడు. లొట్టిలో తెల్లని నురగ సన్నగా చిటపటలాడుతోంది. ఎవరూ ఈస్టు కలపలేదు. గాలిలోనిదీ, లొట్టి గోడల్లోనిదీ చాలు. వడపోత లేదు, గ్యాసు లేదు, బతికుండగానే తాగాలి. మర్నాటికి నిలవదు. కామ్రా వాళ్లు రియల్ ఏల్ అని దేనికి పేరుపెట్టారో, ఆ లక్షణాలన్నీ ఈ మట్టి లొట్టిలో ఉన్నాయి.

నగరంలో కల్లు పేరు చెడిపోవడానికి కారణం చెట్టు కాదు. తెలంగాణ వచ్చాక 2014లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. కానీ నగరానికి సరిపడా చెట్లెక్కడివి? చెట్టు ఇవ్వలేనిది మత్తుమందు ఇచ్చింది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ‘ఎక్కాలి’ అన్న ఒక్క కోరికే కల్తీకి పెట్టుబడి. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచి, పులియని తీపి నీరాను గ్లాసులో పోసినప్పుడు కొన్ని కుటుంబాలు పిల్లలతో వచ్చి తాగడం నేను చూశాను. ఆ గౌరవం లొట్టికి కూడా దక్కాల్సిందే.

గౌడన్న తాటాకు రేకలు మడిచి చేతికిచ్చాడు. రెండు లొట్ల నుంచి వేర్వేరుగా వంచాడు.

‘‘గిది పోతుతాడుది. గది పండుతాడుది. తాగి చెప్పుండ్రి, ఒకటే తీరుగున్నయా?’’

లేవు. మొదటిది, మగ చెట్టుది, తేలిగ్గా, లేత కొబ్బరి నీళ్ల తీపితో మొదలై నాలుక అంచుల మీద చురుక్కుమంది. రెండోది చిక్కగా, పాల మీగడ కమ్మదనంతో వచ్చి, చివర్లో పచ్చి తాటిముంజె వగరు వదిలింది.

‘‘మీకు మూతపెట్టి ఇచ్చినా ఏ చెట్టుదో చెప్తారా?’’ అడిగాను.

‘‘చెట్టేంది సారూ, ఏ గెలదో సుత చెప్తా. ముప్పై ఏండ్లాయె. పొద్దుగాలది తియ్యగుంటది, పగటీలి కల్లా గుంజుతది, మాపటికి పులుపెక్కుతది. గాలి మారితే రుచి మారుతది. వానొచ్చిన తెల్లారి దించిన కల్లు సప్పగుంటది, నేనైతే ఎవ్వలికీ పొయ్య.’’

సప్పన, తీపి, వగరు, గుంజడం, పులుపెక్కడం. జూబ్లీహిల్స్ బల్ల దగ్గర ఇంగ్లిషులో తడుముకున్న మాటలన్నీ ఇక్కడ తాటాకు నీడలో అప్పటికే ఉన్నాయి. బాగోలేనిదాన్ని ‘ఎవ్వలికీ పొయ్య’ అనే పట్టుదలతో సహా.

కుర్రాడు జేబులోంచి మడత కాగితం తీశాడు. పబ్బులో మిగిలిపోయిన ఐదు గళ్ల కాగితం. ‘నురగ’ దగ్గర రాశాడు, ‘వాసన’ దగ్గర కాసేపు ఆగాడు. గౌడన్న వంగి చూసి ఏం రాస్తున్నావని అడిగాడు. మార్కులని చెప్పాడు. ఎన్నికి ఎన్నని అడిగాడు. ఐదుకని చెప్పాడు.

‘‘ఎన్నేసినవ్?’’

‘‘మూడుంపావు అన్నా. మొదటిదానికి.’’

గౌడన్న రేక అందుకుని, తానే ఒక గుక్క పుక్కిలించినట్టు నోట్లో తిప్పి మింగాడు. తూర్పు వైపు చూశాడు. ఎండ అప్పుడే తాటిమట్టల మధ్య నుంచి దిగుతోంది.

‘‘సరిగనే ఏసినవ్’’ అన్నాడు. ‘‘రాత్రి మబ్బు పట్టింది. నిన్నటిదైతే నాలుగు.’’